గ్లైడర్ కట్టే కూలిని బరువుతో లెక్కేయొచ్చా? (ప్రాజెక్టు కోసం, దయచేసి చెప్పండి)

#1 గాలిపటం_శ్రీను

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) డిజైన్ తీసుకున్నాం, నలుగురం. ఒక్కరు కూర్చునేది, రెక్కలు 15 మీటర్లు, ఫైబర్‌గ్లాస్. రెండు రకాలుగా గీశాం. మొదటిది సాదా. ఫ్లాపులు (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) లేవు, చక్రం ఎప్పుడూ బయటే ఉంటుంది, నీళ్ల ట్యాంకులు లేవు. రెండోదానికి ఇవన్నీ ఉన్నాయి: ఫ్లాపులు, లోపలికి ముడుచుకునే చక్రం, రెక్కల్లో నీళ్ల బ్యాలస్ట్ (బరువు కోసం నింపే నీళ్లు). ఖాళీ బరువు మొదటిది 230 కిలోలు, రెండోది 250.

తయారీ కూలిని బరువు సూత్రంతో కట్టమన్నారు మా గైడ్ గారు. కట్టాను. పని గంటల్లో తేడా 7 శాతం వచ్చింది. ఏడంటే ఏడే. రెండోదానికి మేం గీసిన డ్రాయింగులు చూస్తే దాదాపు రెట్టింపు. ఫ్లాప్, ఐలెరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే పలక) కలిపే మెకానిజం ఒక్కదానికే నాకు పదకొండు రోజులు పట్టింది. గీయడానికే అంత పడితే చేసేవాడికి ఏడు శాతమే ఎక్కువ పడుతుందా? సార్‌ని అడిగితే "సూత్రం పుస్తకంలో ఉంది, నీ అనుమానం ఎక్కడుంది" అన్నారు. వైవా ఇంకో నెలలో ఉంది. చేత్తో పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

#2 లెక్కల_మాస్టారు

నువ్వు వాడింది అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థవాళ్ల డాప్కా సూత్రమే అయ్యుంటుంది. తయారీ గంటలకి బరువు మీద 0.82 ఘాతం ఉంటుంది. 250ని 230తో భాగించి ఆ ఘాతం వేస్తే నీ ఏడు శాతం సరిగ్గా వస్తుంది. లెక్క తప్పలేదు తమ్ముడూ, వాడిన చోటే తప్పు.

ఆ సూత్రం సైనిక విమానాల ఖర్చుల నుంచి పుట్టింది. అందులో మూడే ఉంటాయి: బరువు, గరిష్ఠ వేగం, ఎన్ని చేస్తున్నావన్న సంఖ్య. డిజైన్ క్లిష్టత అనే మాట నేరుగా ఎక్కడా లేదు. దాని పని వేగం చేస్తుంది. వేగంగా పోయే విమానం కాబట్టి కట్టడం కష్టం అని దాని ఊహ. జెట్లకి అది బాగానే సరిపోతుంది. గ్లైడర్ వేగం గంటకి 250 కిలోమీటర్లకి అటూ ఇటూ. సూత్రం దాన్ని చూసి "నెమ్మది బండి, సులువు" అనుకుంటుంది. ఆ నెమ్మది బండి రెక్క ఉపరితలం మాత్రం చాలా జెట్ల కంటే నున్నగా ఉండాలి. ఆ నునుపుకి పట్టే గంటలు సూత్రం కంటికి కనపడవు.

నేను విమాన భాగాల కాస్టింగ్‌లో 19 ఏళ్లుగా ఉన్నాను. బరువు మీద కూలి కట్టి నష్టపోయిన కొటేషన్లు నా చేతుల మీదుగానే వెళ్లాయి.

#3 కాకినాడ_ఫైబర్

నేను విమానాలు చేయను, చేపల వేట బోట్లు చేస్తాను. మోల్డు (అచ్చు), జెల్‌కోట్ (పైపూత), మ్యాట్ (గ్లాస్ గుడ్డ), రెజిన్ అన్నీ మీరు వాడేవే అనుకోండి.

వట్టి బోటు బాడీకైతే బరువు లెక్క పనిచేస్తుంది. ఎన్ని కిలోల మ్యాట్ పరిచావో, ఎంత రెజిన్ కొట్టావో దాన్నిబట్టే మనుషులు. ఇద్దరు కుర్రాళ్లు, ఒక మేస్త్రీ. అదే బోటుకి ఐస్ పెట్టె, దానికి మూతలు, ఇంజిన్ మీద తీసి పెట్టుకునే పెట్టె అడిగారా, అక్కడ మొదలవుతుంది. ఐస్ పెట్టె మూత నాలుగు కిలోలు కూడా ఉండదు. అది నాలుగు పక్కలా సరిగ్గా కూర్చోవాలి, నీళ్లు దిగకూడదు, ఎండకి ఉబ్బినా లేవాలి. ఒక్కో మూతకి మా మేస్త్రీ ఒక పూట తింటాడు. గీకడం, పెట్టి చూడటం, మళ్లీ గీకడం. నాలుగు మూతలంటే రెండు రోజులు పోయినట్టే. బాడీ మొత్తం పరచడానికి పట్టేది ఐదు రోజులు.

ఇల్లు కట్టినవాళ్లకి తెలుసు ఇది. గోడలు లేచినంత తొందరగా తలుపులు కుదరవు.

#4 మధురవాడ_మధు

కాకినాడ అప్పారావు బాబాయ్ తలుపుల మాట రాసి పెట్టుకోవాలి. మా ఇంటి తలుపులు ఇంకా కుదరలేదు, గృహప్రవేశం అయ్యి రెండేళ్లు.

#5 నెకార్_తీరం

జర్మనీలో గ్లైడర్ రిపేర్ వర్క్‌షాప్‌లో ఆరో ఏడు నాకు. శ్రీనూ, నీ అనుమానం నూటికి నూరుపాళ్లు నిజం. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

గ్లైడర్ రెక్క ఎలా పుడుతుంది? పై సగానికి ఒక మోల్డు, కింద సగానికి ఒకటి. ముందు తెల్ల జెల్‌కోట్ స్ప్రే చేస్తారు. దాని మీద గ్లాస్ గుడ్డో కార్బన్ గుడ్డో రెజిన్‌తో తడిపి పరుస్తారు, మధ్యలో ఫోమ్, మళ్లీ గుడ్డ. వ్యాక్యూమ్ సంచి కప్పి గాలి లాగేస్తారు. స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) పెట్టి, అంచుల వెంట చిక్కటి జిగురు ముద్ద వేసి రెండు సగాలూ మూసేస్తారు. తర్వాత వేడి గదిలో ముగ్గబెడతారు. ఇక్కడిదాకా సాదా రెక్కకీ ఫ్లాపుల రెక్కకీ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా మోల్డు విప్పాకే.

సాదా రెక్కకి కదిలేవి రెండే: ఐలెరాన్, ఎయిర్ బ్రేక్. ఫ్లాపుల రెక్కకి ఐలెరాన్ పక్కన ఫ్లాపు వస్తుంది. రెండూ కలిసి కదలాలి, విడివిడిగా కూడా కదలాలి. స్టిక్ తిప్పితే ఐలెరాన్‌తో పాటు కొన్నింట్లో ఫ్లాపు కూడా కొంచెం కదులుతుంది. ఫ్లాపు లివర్ లాగితే ఐలెరాన్ కూడా దిగుతుంది. ఈ కలగలుపు చేసే మిక్సర్ సీటు వెనక ఉంటుంది. అందులో ప్రతి బేరింగుకీ, ప్రతి రాడ్ చివరికీ ఆట (వదులు) ఉండకూడదు. ఫ్లాపు లివర్‌కి ఐదారు గాట్లు ఉంటాయి. ప్రతి గాటు దగ్గరా కుడి ఎడమ రెండు వైపులా కోణం కొలిచి రాయాలి. మొదటి గాటు దగ్గర సరిచేస్తే నాలుగో గాటు దగ్గర తప్పుతుంది. మా మేస్త్రీ రెండు చేతుల్తో ప్రొట్రాక్టర్ ఫ్లాపు మీద ఆనించి నిలబడితే నేను లోపల పడుకుని రాడ్ అరచుట్టు తిప్పుతాను. "ఇంకొంచెం. ఆగు. వెనక్కి." ఇలా ఒక రోజు.

తర్వాత సందు మూయాలి. రెక్కకీ ఫ్లాపుకీ మధ్య గాలి కిందనుంచి పైకి కారితే గ్లైడ్ (దిగిన ఎత్తుకి ఎన్ని రెట్ల దూరం పోతుందన్నది) పడిపోతుంది. లోపల టెఫ్లాన్ టేపు, పైన వంపు తిరిగిన మైలార్ పట్టీ. 15 మీటర్ల గ్లైడర్‌లో ఆ పట్టీ పొడవు లెక్కేసుకో: దాదాపు రెక్కలంత, పైనా కిందా. పాత జిగురు గీకి కొత్త పట్టీలు వేయడానికే ఇద్దరికి రెండు రోజులు పడుతుంది మాకు.

ఇదంతా కలిపి బరువు ఎంత పెరిగింది? నువ్వన్న 20 కిలోలు కూడా ఉండకపోవచ్చు.

#6 మధురవాడ_మధు

ఫ్లాపుల సంగతి అర్థమైంది. నీళ్ల ట్యాంకుకి ఏముందన్నా? సంచి పెట్టి గొట్టం పెట్టడమే కదా?

#7 నెకార్_తీరం

సంచి పెడితే నువ్వన్నంత పనే. చాలావాటిలో సంచి ఉండదు, రెక్క లోపలి భాగమే ట్యాంకు. అంటే లోపలి ప్రతి అతుకూ నీళ్లు పట్టాలి. చేయి దూరని చోట కూడా. గాలి పోయే దారి ఉండాలి, రెండు వైపులా ఒకే వేగంతో కారాలి, లేకపోతే ఒక రెక్క బరువెక్కుతుంది. ముందు నీళ్లు పెడితే బ్యాలెన్స్ జరుగుతుంది కాబట్టి తోకలో ఇంకో చిన్న ట్యాంకు. నింపి రాత్రంతా వదిలి పొద్దున్నే కింద నేల తడిసిందా లేదా చూస్తాం. తడిస్తే కారే చోటు వెతకడానికి ఎన్ని గంటలన్నది ఎవరూ ముందే చెప్పలేరు.

#8 పాత_కేడెట్

1980ల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో రోహిణి మీద ఎగిరినవాణ్ని. ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్లం, ఇన్‌స్ట్రక్టర్ గారి మోచెయ్యి తగులుతుండేది. పౌర విమానయాన శాఖ టెక్నికల్ సెంటర్‌లో ఎస్. రామామృతం గారు డిజైన్ చేసిన చెక్క గ్లైడర్ అది, 1961లో మొదటిసారి ఎగిరింది. చెక్క, ప్లైవుడ్, గుడ్డ.

అప్పట్లో ఒకసారి లాండింగ్‌లో రెక్క కొస కంపకి తగిలి రెండు రిబ్బులు విరిగాయి. హ్యాంగర్‌లో వడ్రంగి ఒకాయన బాగు చేస్తుంటే మూడు రోజులు పక్కనే కూర్చుని చూశాను. రిబ్బు అంటే అగ్గిపుల్లల నిచ్చెనలా ఉంటుంది. ప్రతి అతుకు మీదా రెండు వైపులా చిన్న ప్లైవుడ్ ముక్క, జిగురు, సన్న మేకులు. ఒక్క రిబ్బులో అలాంటి అతుకులు ఇరవై పైనే. రిబ్బు తూకం వేస్తే అరచేతిలో ఉన్నట్టే తెలియదు. బరువు తక్కువ ఉండాలనే అంత పని పెట్టారు. అంటే శ్రీను వాడిన సూత్రం గ్లైడర్ల దగ్గర తిరగబడుతుంది: బరువు తగ్గించేకొద్దీ కూలి పెరుగుతుంది.

#9 వడ్రంగి_పని

పాత కేడెట్ గారు చెప్పింది అక్షరసత్యం. చెక్క పనిలో ఇంకోటి ఉంది. రెక్క వెడల్పు మొదలు నుంచి కొస దాకా ఒకటే ఉంటే రిబ్బులన్నీ ఒకటే. ఒక జిగ్ చేసుకుంటే ఇడ్లీ రేకులో పోసినట్టు దింపుకోవచ్చు. రెక్క కొసకి సన్నబడిందా, ప్రతి రిబ్బు కొలతా వేరు, ప్రతిదానికీ గీత వేరు. 1931లో వచ్చిన జర్మన్ చెక్క గ్లైడర్ గ్రునావ్ బేబీ చూడండి. లోపలి భాగం తిన్నగా ఉంటుంది, చివరి భాగమే సన్నబడుతుంది. దాన్ని క్లబ్బులవాళ్లు సొంతంగా కట్టుకున్నారు, వేల సంఖ్యలో తయారైంది. తిన్నటి రెక్క అంత చూడముచ్చటగా ఉండదు గానీ ఆదివారాలు పని చేసుకునేవాడికి అదే అన్నం పెడుతుంది.

#10 మాధవి_కాంపోజిట్స్

ఇక్కడ నేను కొంచెం అడ్డు చెబుతాను. వడ్రంగి గారు చెప్పింది చెక్కకి నిజం, రేకుకి కూడా నిజం. మోల్డులో చేసే పనికి నిజం కాదు.

ఆకారం క్లిష్టంగా ఉండటం వేరు, ముక్కలు ఎక్కువ ఉండటం వేరు. మోల్డు ఒకసారి చేశాక రెక్క కొస వంపు తిరిగినా, వింగ్‌లెట్ లేచినా, బాడీ చేప కడుపులా మెలి తిరిగినా, గుడ్డ పరిచే కుర్రాడికి పెద్ద తేడా లేదు. ఆ కష్టం అంతా మోల్డు చేసినవాడు ముందే పడ్డాడు. అందుకే 1957లో జర్మనీలో ఎగిరిన ఫీనిక్స్ అనే మొదటి ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ తర్వాత చెక్క గ్లైడర్ల కథ నెమ్మదిగా ముగిసింది. నునుపైన వంపు రెక్క చెక్కతో చేయాలంటే ప్రాణం పోతుంది, మోల్డులో ప్రతిసారీ అదే వస్తుంది.

శ్రీనూ, నీ రిపోర్టులో ఈ రెండింటినీ ఒకే గంపలో వేయకు. "క్లిష్టత" అని ఒక్క కాలమ్ పెడితే నీ లెక్క మళ్లీ బరువు సూత్రంలాగే అవుతుంది.

#11 వడ్రంగి_పని

ఒప్పుకున్నానమ్మా. మోల్డు నాకు తెలియని లోకం. మరి మోల్డు చేసేవాడి కూలి ఎవరి ఖాతాలో?

#12 మాధవి_కాంపోజిట్స్

అన్ని గ్లైడర్ల మీదా పంచాలి. మూడు చేస్తే మూడు వాటాలు, మూడొందలు చేస్తే మూడొందల వాటాలు. అసలు తంటా అక్కడే.

#13 లెక్కల_మాస్టారు

మాధవి గారు సంఖ్య దగ్గరికి తెచ్చారు కాబట్టి చెబుతాను. 1936లో టి.పి. రైట్ అనే ఆయన విమాన కర్మాగారాల లెక్కలు చూసి ఒక విషయం పట్టుకున్నారు. చేసిన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే సగటు కూలి 20 శాతం తగ్గుతుంది. మొదటిదానికి 1000 గంటలైతే రెండింటి సగటు 800, నాలుగింటిది 640, ఎనిమిదింటిది 512, పదహారింటిది 410.

ఇప్పుడు శ్రీను రెండు డిజైన్లూ దీని మీద పెట్టి చూడండి. సాదాది ఏడాదికి ముప్ఫై అమ్ముడైతే చేతులు త్వరగా తిరుగుతాయి. క్లిష్టమైనది ఏడాదికి నాలుగు అమ్ముడైతే మనుషులు మర్చిపోయి మళ్లీ నేర్చుకుంటారు. పైగా ప్రతి కొనుగోలుదారూ ఒక్కో మార్పు అడుగుతాడు. అంటే క్లిష్టత రెండుసార్లు దెబ్బ కొడుతుంది: గంటలు పెంచుతుంది, నేర్చుకునే వేగాన్నీ తగ్గిస్తుంది.

జర్మనీ ష్లైకర్ కంపెనీ ఎఎస్‌కె 21 ఉంది, 1979 నుంచి. ఇద్దరు కూర్చునే శిక్షణ గ్లైడర్. ఫ్లాపులు లేవు, చక్రం ముడుచుకోదు. 900కి పైగా చేశారు. రైట్ గారి గీత మీద అది ఎంత కిందికి దిగి ఉంటుందో ఊహించుకో.

#14 డల్లాస్_గాలి

మాస్టారూ, మీరు చెప్పేది వింటే సాదాగా చేస్తే చాలు చౌకైపోతుంది అనిపిస్తుంది. జరిగిన కథ అలా లేదు.

ప్రపంచ విమాన క్రీడల సమాఖ్యవాళ్లు 1989లో సరిగ్గా ఇదే అనుకున్నారు. అందరికీ అందే చౌక గ్లైడర్ కావాలి, డిజైన్ సాదాగా ఉండాలి, దానికి పోటీ పెట్టారు. వార్సా టెక్నికల్ యూనివర్సిటీ పిడబ్ల్యూ-5 గెలిచింది. రెక్కలు 13.44 మీటర్లు, ఫ్లాపులు లేవు, చక్రం బయటే. "వరల్డ్ క్లాస్" అని పేరు పెట్టారు, 1997లో టర్కీ ఇనొనులో మొదటి ప్రపంచ పోటీ కూడా జరిగింది. తర్వాత ఆ క్లాస్ నిలబడలేదు, ఎత్తేశారు.

మా క్లబ్బులో ఒకటుంది. నేను దాని మీదే సోలో పూర్తి చేశాను, ఎగరడానికి బంగారం లాంటిది. కొనాల్సి వచ్చినప్పుడు మాత్రం నా డబ్బు పాత ఎల్ఎస్4 మీద పెట్టాను. రెక్కలు 15 మీటర్లు, గ్లైడ్ 40 దాకా వస్తుంది. పిడబ్ల్యూ-5కి 33 దగ్గర ఆగుతుంది. కొత్త సాదా గ్లైడర్ ధరకి పాత మంచి గ్లైడర్ వస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు?

రెక్క ఒకటిన్నర మీటర్లు పొట్టిదైనంత మాత్రాన కూలి సగమైపోదు. కాక్‌పిట్ అదే, కేనపీ అదే, సీటు బెల్టులు, పెడళ్లు, ఎయిర్ బ్రేకులు, తోక, సర్టిఫికెట్ పని అన్నీ అవే. తగ్గేది చివర్లో కొంచెం.

#15 నెకార్_తీరం

డల్లాస్ అన్నతో ఏకీభవిస్తాను. ఇంకోటి కలుపుతాను: గీకుడు. జెల్‌కోట్ రెక్కని 400 కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000 దాకా నీళ్లతో రుద్దుతాం. పొడవాటి చెక్క దిమ్మకి కాగితం చుట్టి, రెక్కకి ఏటవాలుగా. రుద్దే ముందు ఉపరితలం మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీస్తాం. గీత చెరిగిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. తర్వాత కళ్లు మూసుకుని అరచెయ్యి రెక్క పొడవునా జరుపుతాడు మా మేస్త్రీ. ఎక్కడో ఆగుతాడు. అక్కడ డయల్ గేజ్ పెడితే మిల్లీమీటరులో పదో వంతు అల కనపడుతుంది. ఆ అలే గాలి ప్రవాహాన్ని పాడు చేస్తుంది.

పాత గ్లైడర్ మొత్తానికి జెల్‌కోట్ తీసి కొత్తది వేయాలంటే కొన్ని వందల గంటలు. ఈ గంటలకి ఫ్లాపులున్నాయా లేవా అన్నదానితో సంబంధం లేదు. చదరపు మీటర్లతో సంబంధం. కాబట్టి సాదా డిజైన్ కూడా ఈ మూట మోయాల్సిందే.

#16 మాధవి_కాంపోజిట్స్

ఇంకో ఎదురు ఉదాహరణ. చెక్ దేశపు ఎల్-13 బ్లానిక్. ఇద్దరు కూర్చునేది, అంతా రివెట్ల రేకు. దానికి వెనక్కి జారే ఫౌలర్ ఫ్లాపులున్నాయి, ఎయిర్ బ్రేకులున్నాయి, సగం ముడుచుకునే చక్రం ఉంది. శిక్షణ గ్లైడర్‌కి ఇదంతా ఎక్కువే. అయినా 2600కి పైగా చేశారు, ప్రపంచమంతా క్లబ్బులు కొన్నాయి. అంటే ఆర్డర్లు ఉంటే క్లిష్టత కూడా మింగుడు పడుతుంది.

#17 లెక్కల_మాస్టారు

మంచి ఉదాహరణ. అయితే ఒక షరతు. అప్పటి చెకోస్లోవాకియాలో కూలి ధర వేరు, సోవియట్ వైపు నుంచి ఆర్డర్లు వేరు. గంటలు తగ్గడం ఒకటి, గంట ధర తక్కువ ఉండటం ఇంకోటి. జర్మన్ డిజైన్లు కూడా ఇలాగే తరలిపోయాయి. డీజీ-300ని స్లొవేనియా బెగున్యెలో స్కీలు చేసే ఎలాన్ వాళ్లు కట్టారు. డిస్కస్ సీఎస్‌ని చెక్ ఊరు ఖోట్సెన్‌లో కట్టారు. గంటలు ఎక్కువ పట్టే వస్తువు ఎప్పుడూ గంట చౌకగా దొరికే చోటికి నడుస్తుంది.

#18 కాకినాడ_ఫైబర్

స్కీలు చేసేవాళ్లు గ్లైడర్ చేశారా? అయితే బోట్లు చేసేవాళ్లం మేమెందుకు చేయలేం? మా కుర్రాళ్ల చేతులు తక్కువేం కాదు.

#19 నెకార్_తీరం

తక్కువని ఎవరూ అనరు బాబాయ్. తేడా కాగితాల్లో ఉంది. ఏ డబ్బాలోంచి ఏ రెజిన్ ఎప్పుడు కలిపావు, గదిలో వేడి ఎంత, తేమ ఎంత, ఎవరు పరిచారు, ఎవరు చూశారు అని ప్రతి ముక్కకీ రాయాలి. ముక్కలు పెరిగితే ఆ రాతా పెరుగుతుంది. శ్రీనూ, ఇది కూడా కూలే, నీ రిపోర్టులో వదలకు.

#20 డల్లాస్_గాలి

శ్రీను మొదటి పోస్టులో ఫ్లాపులంటే క్లిష్టత అని రాశాడు. ఎప్పుడూ కాదు. అమెరికా ఒహాయోలో రిచర్డ్ ష్రేడర్ అని ఒకాయన ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం హెచ్‌పీ వరుస గ్లైడర్లు చేశారు. వాటిలో చాలావాటికి ఎయిర్ బ్రేకులే లేవు. ఫ్లాపు దాదాపు 90 డిగ్రీలు కిందికి దిగుతుంది, అదే బ్రేకు పని చేస్తుంది. రెక్క మధ్యలో పెట్టె కోసి బ్రేకు బ్లేడ్లు, మూతలు, లివర్లు పెట్టే పనంతా పోయింది. హెచ్‌పీ-18కి తోక కూడా వి ఆకారంలో ఉంటుంది, మూడు ముక్కల బదులు రెండు. ఫ్లాపు పెట్టి కూలి తగ్గించాడు ఆయన.

అడగాల్సింది "ఏముంది?" అని కాదు శ్రీనూ, "ఇది పెడితే ఇంకేం తీసేయొచ్చు?" అని.

#21 పాత_కేడెట్

భేష్. ఇలాంటి పోస్టు కోసమే రోజూ ఇక్కడికి వస్తాను.

#22 మాధవి_కాంపోజిట్స్

దీనికి అవతలి కొస కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 1971లో సిగ్మా ఎగిరింది, రెక్క వెడల్పు గాల్లోనే పెరిగే ఫ్లాపుతో. స్టుట్‌గార్ట్ విద్యార్థులు 1975లో ఎఫ్ఎస్-29 చేశారు, టెలిస్కోపులా రెక్క పొడవు పెరిగేది, తగ్గేది. బ్రౌన్‌ష్వైగ్ విద్యార్థుల ఎస్‌బీ-11 మీద 1978లో హెల్ముట్ రైష్మాన్ 15 మీటర్ల క్లాసులో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. చాంపియన్‌షిప్ గెలిచిన డిజైన్ కూడా ఒక్కటే కట్టారు. మిగతా రెండూ అంతే, ఒక్కొక్కటే. గెలుపు తెచ్చేంత లాభం ఉంది గానీ, దానికి పట్టే గంటలు ఏ కంపెనీ ధరలోనూ ఇమడలేదు.

విద్యార్థుల కూలి ఎవరూ లెక్క కట్టరు కదా, అందుకే ఎఫ్ఎస్-29, ఎస్‌బీ-11 పుట్టాయి. అలా పుట్టడం నాకు చాలా ఇష్టం. ఫీనిక్స్ కూడా స్టుట్‌గార్ట్ విద్యార్థుల దగ్గరే మొదలైంది.

#23 గాలిపటం_శ్రీను

ఇన్ని వస్తాయనుకోలేదు. నిన్న రాత్రి రెండింటి దాకా చదివాను. మా నలుగురికీ ఇప్పుడు టెన్షన్ ఇంకోటి: వైవాలో సూత్రం బదులు ఏం పెట్టాలి? "ఫోరమ్‌లో పెద్దలు చెప్పారు" అంటే సార్ ఒప్పుకోరు.

#24 లెక్కల_మాస్టారు

పనులుగా విడగొట్టు. ఉపరితలం చదరపు మీటర్లు ఒక వరుస: పరచడం, గీకడం, పాలిష్ దాని మీద నడుస్తాయి. అతుకుల పొడవు మీటర్లు ఒక వరుస. కదిలే జతలు ఒక వరుస, అంటే ఒకదానితో ఒకటి కుదరాల్సినవి: హింజీలు, రాడ్ చివరలు, తలుపులు, మూతలు. నీళ్లో గాలో ఆపాల్సిన సందుల పొడవు ఇంకో వరుస. చివర పరీక్షలు, కాగితాలు.

తర్వాత ప్రతి వరుసకీ ఒక గంట రేటు కావాలి. అది పుస్తకంలో దొరకదు, చేసి కొలవాలి.

#25 కాకినాడ_ఫైబర్

శ్రీనూ, నీది ఏ కాలేజీయో నాకు తెలియదు గానీ మా షెడ్డుకి రా. శనివారం పని తక్కువ. ఒక మీటరు రెక్క ముక్క చేసుకోండి రెండు రకాలుగా, ఒకటి వట్టిది, ఒకటి ఫ్లాపు ఉన్నది. రెజిన్ ఖర్చు ఇవ్వండి చాలు, మేస్త్రీని నేను పెడతాను. గడియారం మీరు పట్టుకోండి. భోజనం మా ఇంట్లోనే.

#26 నెకార్_తీరం

వెళ్లు శ్రీనూ. ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ఒక్క మాట: రాసేటప్పుడు తిరిగి చేసిన పని గంటలు విడిగా రాయి. మొదటిసారి కుదరక మళ్లీ చేసినవే అసలు కథ చెబుతాయి.

#27 గాలిపటం_శ్రీను

మూడు శనివారాలు వెళ్లొచ్చాం. ఫలితాలు పెడుతున్నాను, ఎవరూ పెద్ద ఎత్తున నమ్మకండి, ఒక్క మీటరు ముక్కే, మేం కొత్తవాళ్లం.

వట్టి ముక్క: మా నలుగురి పని, మేస్త్రీ గారి పని కలిపి 26 గంటలు. బరువు 3 కిలోల 900 గ్రాములు.
ఫ్లాపు ముక్క: 47 గంటలు. బరువు 4 కిలోల 300 గ్రాములు.

బరువు సుమారు పది శాతం పెరిగితే గంటలు ఎనభై శాతం పెరిగాయి. ఆ అదనపు 21 గంటల్లో 13 తిరిగి చేసిన పనే. మొదటి ఫ్లాపు మోల్డులోంచి తీశాక ఒక చివర మెలి తిరిగింది, బల్ల మీద పెడితే ఒక మూల లేస్తోంది. హింజీ తీగ దూర్చితే మధ్యలో పట్టేసింది. మేస్త్రీ గారు ఏం మాట్లాడకుండా ఫ్లాపు తీసి పక్కన పెట్టి "మళ్లీ పరచండి" అన్నారు. రెండోది కుదిరింది. అది వేలితో తడితే కిందికి దిగి దానంతట అదే ఆగినప్పుడు నలుగురం అరిచాం. అప్పారావు గారి చిన్నమ్మాయి పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని.

రిపోర్టులో బరువు సూత్రం కూడా ఉంచాను, దాని పక్కన ఈ కొలతలు. సార్ నిన్న చదివారు. ఏమీ అనలేదు, ఫ్లాపు ముక్క తెమ్మన్నారు, చేత్తో పైకీ కిందికీ కదిలించి చూశారు. తర్వాత ఇంకో రెండు ముక్కలు చేయమన్నారు, రైట్ గీత వస్తుందేమో చూద్దామని.

#28 లెక్కల_మాస్టారు

రెండో ఫ్లాపు ముక్కకి నా అంచనా 35 గంటలు. రాసి పెట్టుకో.

#29 కాకినాడ_ఫైబర్

మేస్త్రీ 30 అంటున్నాడు. ఈ శనివారం పొద్దున్నే రండి, ఎండ ఎక్కితే రెజిన్ డబ్బాలోనే గట్టిపడుతోంది.